అడుగులేని వల

పూర్ణా మార్కెట్లో నేను చింతపండు కొనే కొట్టు గోడకి ఒక పోస్టరు అంటించి ఉంటుంది. ఎండకి రంగులన్నీ వెలిసిపోయి నీలం ఒక్కటే మిగిలింది. మన ఊరి బాస్కెట్‌బాల్ జట్టు పోస్టరు అది. ఆటగాళ్ళంతా బిగుసుకుని వరసగా నిలబడి ఉంటారు. ఆ వరస చివర, వాళ్ళలో కొందరి కంటే పొడుగ్గా, చీర మీద జట్టు జెర్సీ తొడుక్కుని ఒకావిడ ఉంటుంది. ఆవిడొక్కతే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటుంది.

మొన్న కొట్టాయన పొట్లం కడుతూ, "ఎప్పుడొచ్చినా ఆ బొమ్మకేసే సూత్తారేటమ్మా? ఆవిడ మీకు తెల్సా?" అన్నాడు.

"తెలుసు."

"సొక్కా మీద యారాడ అని రాసుంది. యారాడంటే ఊరు గదా. మనిసి పేరేటి?"

నేను చెప్పలేదు. పేరు అడిగిన వాళ్ళకి ఆవిడ కూడా ఎప్పుడూ చెప్పేది కాదు. "సేపలమ్మా అని పిలిత్తే పలకనేటి నాను?" అనేది. పోయినేడు వానల్లో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆ కబురు నాకు నెల తర్వాత తెలిసింది. కొట్టాయనకి ఇదంతా చెప్పాలనిపించలేదు. చింతపండు సంచీలో వేసుకుని, జనంలో పడి నడుస్తూ ఉంటే, ఆవిడే ముందు నడుస్తున్నట్టు, ఆ పొడుగాటి మెడ మనుషుల తలల పైనుంచి తేలుతూ వెళ్తున్నట్టు అనిపించింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. నేను ఆవిణ్ణి అప్పా అనే పిలిచేదాన్ని.

మేం ఉండేది ఉక్కు టౌన్‌షిప్‌లో. నేను అక్కడి బళ్ళో తెలుగు చెబుతాను. వారానికి మూడు రోజులు అప్ప యారాడ నుంచి కొండ దాటి, ఆటోలు మారి, మా వీధికి చేపలు తెచ్చేది. పొద్దున్న మంచు ఇంకా నీలగిరి చెట్ల మధ్య నుంచి కదలకముందే ఆవిడ కేక వినబడేది. చేపల పేర్లు చెప్పి అరిచేది కాదు. "వచ్చినానూ" అనేది, అంతే. మంచులోంచి ముందు సిలవరు బేసిను కనబడేది. తర్వాత దాని కింద మనిషి.

నెత్తి మీద అంత బరువున్నా మెడ ఇటూ అటూ అయ్యేది కాదు. బేసిను దించేటప్పుడు నడుం వంచేది కాదు. మోకాళ్ళు మడిచి, తిన్నగా, నీళ్ళలో మునిగినట్టు కిందికి దిగిపోయేది. ఎవరైనా "తాజావేనా?" అని అడిగితే, "నన్నడగడమెందుకు, దాన్నే అడుగు" అని చేప మొహాన్ని వాళ్ళవైపు తిప్పేది. మా పక్కింటావిడ ఒకసారి నిజంగానే చేప కళ్ళలోకి చూస్తూ చాలాసేపు కూర్చుంది. అప్ప నవ్వలేదు. "ఏటంది?" అని అడిగింది.

వయసెంతో తెలీదు. యాభై దాటి ఉంటాయి. నుదుటిన చిన్న నల్లబొట్టు. చేతులకి ఏమీ ఉండేవి కావు. ఇంట్లో ఎవరున్నారని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఉల్లిపాయ పులుసులో ఎప్పుడు వెయ్యాలి, ఏ చేప బాలింతకి పెట్టాలి, ఇవే మా కబుర్లు. మాట మధ్యలో ఒక్కోసారి ఆగిపోయేది. ఏదో పిలుపు వినబడినట్టు తల కొంచెం పైకెత్తి, మళ్ళీ చేప పొలుసు తీసుకుంటూ పోయేది.

మూడేళ్ళ కిందట మన ఊరికి బాస్కెట్‌బాల్ జట్టు వచ్చింది. డబ్బిచ్చి ఆటగాళ్ళని తెచ్చుకునే పెద్ద పోటీ అది. ఊరికో జట్టు. మన జట్టు సాధన చేసేది మా బడి పక్కనున్న ఇండోర్ స్టేడియంలో. ఉక్కగా ఉంటుందని పక్క తలుపులు తెరిచే ఉంచేవారు. బూట్లు నేల మీద కీచుమంటుంటే, పాఠం చెబుతున్న నాకు గదిలో పిట్టలు దూరినట్టుండేది.

ఒకరోజు విరామంలో అటు చూస్తే, ఆ పక్క తలుపు దగ్గర అప్ప నిలబడి ఉంది. ఖాళీ బేసిను చంకలో పెట్టుకుని, కదలకుండా. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏటి టీచరమ్మా ఈ ఆట?" అంది నా వైపు చూడకుండానే. "అడుగులేని వల కట్టుకుని, ఇంతింత మగోల్లు ఎగురుతన్నారు!"

"బంతి ఆ వలలోంచి కిందికి జారితే గెలుపు అప్పా."

"జారిపోతే గెలుపా?" బేసిను ఇంకో చంకలోకి మార్చుకుంది. "మా వల్లోంచి జారిపోతే ఆ పూట పస్తు. ఈల్లకి జారిపోతేనే పండగ. బాగున్నాదమ్మా."

అప్పట్నించీ చేపలు అమ్ముడయ్యాక, ఇంటికి ఆటో ఎక్కే ముందు, గంటసేపు ఆ తలుపు దగ్గర ఆగడం అలవాటైంది. మొదట్లో కాపలా మనిషి వెళ్ళిపొమ్మన్నాడు. లోపలికి చేపల వాసన వస్తోందని ఎవరో అన్నారట. అప్ప గొడవ పడలేదు. పైటకొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని పైకి ఎత్తింది. కొంగు ఎటు ఎగిరిందో చూసింది. తిన్నగా స్టేడియం చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఇప్పుడు గాలి ఆల్లకాడినించి నాకాడికొత్తంది. నా వోసన ఆల్లకి రాదు, ఆల్ల చెమట వోసన నాకొత్తాది. సరేనా బాబూ?" అంది. కాపలా మనిషి తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ వచ్చీరాగానే కొంగెత్తి గాలి చూసుకుని, ఆ పూటకి ఏ తలుపో ఎంచుకునేది.

ఆటగాళ్ళ పేర్లు ఆవిడకి పలికేవి కావు. సగం మంది ఎక్కడెక్కడి వాళ్ళో. అందుకని చేపల పేర్లు పెట్టుకుంది. వెండిలా మెరుస్తూ దూసుకుపోయే కెప్టెన్ వంజరం. వెడల్పు మొహం వాడు చందువా. ఎవరినీ దగ్గరకి రానివ్వనివాడు సొర. అందరిలోకీ పొట్టివాడు, కంచరపాలెం వాడు, ఎంత గుంపులోంచైనా జారుకుంటూ పోతాడు. వాణ్ణి నెత్తలి అంది. ఆ జట్టులో మన ఊరివాడు అతనొక్కడే.

"నెత్తలేటప్పా!" అని అతను చాలా బాధపడ్డాడు. "నన్ను టీవీలో సూపిత్తారు. అంత సిన్న సేప పేరెట్టేత్తావా?"

"పెద్ద సేప పదిమందికొకటి. నెత్తల్లు లేకపోతే మా ఊరు బతకదురా" అంది అప్ప. ఆ తర్వాత అతను సాధన అయ్యాక బయటికొచ్చి, తలుపు గట్టు మీద ఆవిడ పక్కనే కూర్చుని నీళ్ళు తాగేవాడు.

ఆటలు జరిగే సాయంత్రాలు అప్ప వేరే మనిషి. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, అందరికంటే పై మెట్టు మీద కూర్చునేది. సాయంత్రం ఎండ పై కిటికీల్లోంచి ఏటవాలుగా పడి, ఆ ధూళిలో ఆటగాళ్ళు నీళ్ళలో ఈదుతున్నట్టుండేవారు. అప్ప మొదటి నుంచి చివరిదాకా అరుస్తూనే ఉండేది. "ఓలమ్మో, ఎనకాల! ఎనకాల సూడరా సొరా! బంతి ఒగ్గీకు! ఒగ్గీకు!" ఆ గొంతు కిందికి వచ్చేసరికి హాలంతా నిండిపోయేది. ఒకసారి నేను, "గొంతు పోతుందప్పా, కాస్త తగ్గించు" అన్నాను.

"సంద్రం ముందర నిలబడి శానా అరిసినాను టీచరమ్మా. దానికి సెవుల్లేవు. ఈల్లకి సెవులున్నాయి. సూడు, నానరిత్తే తిరుగుతన్నాడు వంజరం. అరవనీ నన్ను."

నేను అప్పుడు ఆ మాటని మాటగానే విన్నాను.

ఇంతా చేసి మన జట్టు ఓడిపోయేది. ఆడిన చోటల్లా ఓడింది. మొదట్లో నిండిన మెట్లు నెమ్మదిగా ఖాళీ అయ్యాయి. ఆ రోజుల్లోనే జట్టువాళ్ళు అభిమానులకి ఒక పోటీ పెట్టారు. నువ్వు ఈ జట్టుకి ఎందుకు అభిమానివో ఒక్క నిమిషంలో చెప్పి వీడియో పంపాలి. గెలిచిన మనిషినీ, తోడుగా ఇంకొకరినీ, జట్టుతో పాటు విమానంలో చెన్నై తీసుకెళ్తారు. ఆఖరి ఆట అక్కడ. ఆటగాళ్ళ పక్కనే బల్ల మీద కూర్చోబెడతారు.

ఈ సంగతి నెత్తలే వచ్చి చెప్పాడు. "అప్పా, నువ్వు పంపాల. ఓడిపోతన్నామని ఎవలూ పంపట్లేదు. ఆఫీసోల్లు నవ్వుకుంటన్నారు."

"ఇమానం నాకెందుకురా? ఆ రోజు సేపలెవలమ్ముతారు?" అంది. కానీ "నవ్వుకుంటన్నారు" అన్న మాట ఆవిడకి గుచ్చుకుంది. ఆ ఆదివారం చేపలు అయిపోయాక మా వరండాలో కూర్చుంది.

"అబిమానమంటే ఏటి టీచరమ్మా? ఇట్టమేనా?"

"ఇష్టమే. ఇంకాస్త ఎక్కువ."

ముంగురులు తడిచేత్తో వెనక్కి దువ్వుకుంది. నేను ఫోను పట్టుకున్నాను. ఫోను వైపు కాకుండా నా వైపు చూస్తూ ఇలా చెప్పింది.

"నాను సేపలమ్ముకుంటాను. మాది యారాడ. ఆటాడే ఈ గుంటలు నా సుట్టాలు కారు. సగం మందికి తెలుగే రాదు. ఆడతారు, ఓడిపోతారు. మొకాలు ఏలాడేసుకుని ఎల్లిపోతారు. మర్నాడు నానొచ్చేతలికి మల్లీ అక్కడే ఎగురుతుంటారు. మా మగోల్లూ అంతే. ఉత్త వలేసుకుని ఒడ్డుకొత్తారు, ఎవల్తోనీ మాటాడరు. తెల్లారగట్ల మల్లీ తెప్ప తోత్తారు. గెలిసినోల్లకాడికి అందరూ ఎల్తారు. ఉత్త వల్తో వచ్చినోల్లకి ఒడ్డు మీద ఎవలో ఒకలు నిలబడుండాల గదా. అందుకే ఎల్తన్నాను."

మధ్యలో కాకి అరిచింది, ఇంకోసారి తీద్దామన్నాను. ఒప్పుకోలేదు. "ఒకసారి సెప్పింది మల్లీ సెప్తే అబద్దమైపోద్ది" అంది.

పది రోజుల తర్వాత నెత్తలి స్కూటరు మా వీధిలోకి దూసుకొచ్చింది. వీధి మొదట్లోనే "అప్పా, నువ్వే! నువ్వే!" అని అరుస్తున్నాడు. ఆ వీడియో ఎందరో చూశారట. కెప్టెన్‌కి ఎవరో హిందీలో అర్థం చెబితే, అతను లేచి వెళ్ళి గంటసేపు ఒక్కడే బంతి వేసుకుంటూ ఉండిపోయాడట. అప్ప ఆ సమయంలో మా పక్కింటి వాళ్ళకి చందువా కోస్తోంది. కత్తిపీట మీంచి లేవలేదు. "ముక్కలయ్యాక మాటాడతాను, ఆగు" అంది. కానీ కోసిన ముక్కనే మళ్ళీ కోసింది.

జెర్సీ మీద పేరు వేయిస్తామంటే వద్దంది. "నా పేరు ఎవలికి కావాల? యారాడ అని రాయించండి." ఆ జెర్సీ తొడుక్కుని జట్టుతో దిగిన ఫొటోయే ఆ పోస్టరు.

తోడుగా నన్ను రమ్మంది. టికెట్టు కోసం ఆవిడ ఆధార్ కార్డు కావాల్సి వచ్చి, ఒక ఆదివారం మొదటిసారి నేను యారాడ వెళ్ళాను. కొండ దిగుతుంటే కొబ్బరిచెట్ల మధ్య నుంచి సముద్రం ముక్కలు ముక్కలుగా కనబడింది. ఆవిడ ఇల్లు ఒడ్డుకి దగ్గర్లో ఉంది. పక్కింటికీ ఈ ఇంటికీ గోడ ఒక్కటే. పక్కింటి అరుగు మీద నెరిసిన జుట్టున్న ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. అప్ప కార్డు తేవడానికి లోపలికెళ్ళగానే ఆయన తల ఎత్తకుండానే నాతో అన్నాడు.

"వదిన ఇమానమెక్కుతాదంట గదమ్మా. పైకెల్తే సెవులు నొప్పెడతాయంటారు. దూదెట్టుకోమని సెప్పండి."

అప్ప బయటికొస్తూ ఆ మాట విన్నది. మొహం రాయిలా అయిపోయింది. "ఎవలో ఏదో వాగుతుంటారు, ఇనకు టీచరమ్మా. రా" అని నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకుపోయింది.

అక్కడ, ఇసక మీద కూర్చుని, అంతవరకూ చెప్పనిది చెప్పింది. పదకొండేళ్ళ కిందట ఆవిడ భర్త తెప్ప మీద వేటకెళ్ళాడు. గాలి తిరిగింది. తెప్ప మీది మిగతా ఇద్దరినీ వేరే బోటువాళ్ళు కాపాడారు. ఆయన దొరకలేదు. ఆయన తమ్ముడు, ఆ అరుగు మీది మరిదే, ఊళ్ళోవాళ్ళని తీసుకుని వెతకడానికి వెళ్ళాడు. మూడు రోజులు వెతికి తిరిగొచ్చాడు.

"మూడ్రోజులు!" అంది అప్ప. "నాను నాలుగోరోజు కూడా ఒడ్డు మీదే ఉన్నాను. ఆడు తెప్ప లాగేసి ఇంటికెల్లి పడుకున్నాడు. ఎల్లి అడిగినాను. నీ కొడుకైతే మూడ్రోజులకే వచ్చేద్దువేటి అన్నాను. ఊరందరి ముందర అన్నాను. ఆడు మాట్టాడలేదు. నాను మల్లీ ఆడి మొకం సూల్లేదు."

"పదకొండేళ్ళు, గోడ పక్కనే ఉండి..."

"అదిగో, సూడు" అని చేత్తో ఎదురుగా చూపించింది. సముద్రం, దాని చివర ఆకాశం అంటుకున్న గీత. "కనపడతన్నాది గదా అక్కడిదాకా. అక్కడిదాకా ఎల్లి ఇంకో రోజెతికుంటే దొరికేవోడు."

ఆ ఊరి ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు. పుట్టినప్పట్నించీ ఆవిడ చూసిన సముద్రం ఒడ్డు మీంచి కనబడేదే.

ప్రయాణం రోజు జట్టంతా నీలం చొక్కాల్లో ఉన్నారు, అప్ప నీలం చీర కట్టింది. భద్రత తనిఖీలో ఆవిడ్ని పక్కకి తీసుకెళ్తే, తిరిగొచ్చి "నాకాడ సేపలున్నాయనుకున్నారేమో" అని నవ్వింది. కుర్రాళ్ళంతా ఆవిడకి కిటికీ పక్క చోటే ఇవ్వాలని పట్టుబట్టారు. బెల్టు పెడుతూ చూద్దును కదా, రెండు చెవుల్లోనూ తెల్లటి దూది. నేను చూడటం చూసి కొంగు తల మీదికి లాక్కుంది.

విమానం లేచింది. పోర్టు క్రేన్లు అగ్గిపుల్లల్లా అయిపోయాయి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా తిరిగి సముద్రం మీదికి వచ్చింది. అప్ప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. యారాడ ఒడ్డు సన్నటి దారప్పోగులా కనబడింది. "అదేనా మా ఊరు?" అంది. అవునన్నాను. చిన్నపిల్లలా నవ్వింది. ఆ ఒడ్డు వెనక్కి పోయింది. కింద నీలం మిగిలింది. ఎండ పడి అక్కడక్కడ తళతళలాడుతున్న నీలం, కదులుతోందో ఆగిందో తెలీని నీలం.

చాలాసేపు చూసింది. "గీత ఏది టీచరమ్మా?" అంది.

"ఏ గీత?"

"ఒడ్డు మీంచి కనపడతాది గదా. సివర."

దూరంగా సముద్రం, ఆకాశం ఒకే పొగమంచులో కలిసిపోయి ఉన్నాయి. గీత ఎక్కడా లేదు. నేను తల అడ్డంగా ఊపాను.

మళ్ళీ కాసేపటికి గాజు మీద వేలు పెట్టింది. "ఆ నూగింజలాగున్నదేటి?"

"ఓడ."

"పోర్టులోకొచ్చే ఓడా? అంత పెద్ద ఓడా?"

"అవునప్పా."

"ఓడే అంతుంటే, తెప్పో?"

"కనబడదు."

"మనిసో?" అంది.

జవాబు కోసం చూడకుండా నా చెయ్యి వదిలేసింది. నుదురు గాజుకి ఆన్చి, మేఘాలు కమ్ముకునేదాకా కిందికే చూస్తూ ఉండిపోయింది. మేఘాల్లోకి వచ్చాక కిటికీ అంతా తెల్లబడింది. ఆ తెలుపు వైపే చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "మూడ్రోజులెతికినాడు" అంది. కొంగుతో గాజు తుడిచి మళ్ళీ అంది. "ఇందులో మూడ్రోజులు."

ఆ సాయంత్రం చెన్నైలో మన జట్టు గెలిచింది.

ఆట చివర్లో పాయింట్లు సమానమయ్యాయి. నెత్తలి ఇద్దరి మధ్య నుంచి జారి, వంజరానికి బంతి అందించాడు. వంజరం వేసిన బంతి వలలోంచి జారింది. ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు పడిపోయారు. అప్ప బల్ల చివర కూర్చుని ఉంది. ఆ సాయంత్రమంతా ఒక్కసారి కూడా అరవలేదు. కుర్రాళ్ళు రెండు మూడుసార్లు అలవాటుగా ఇటు తిరిగి చూశారు. నెత్తలి పరిగెత్తుకొచ్చి, "అప్పా, గెలిసినాం! గెలిసినామప్పా!" అని ఆవిడ మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆవిడ రెండు చేతులతో అతని మొహం పట్టుకుని, చెమటంతా కొంగుతో తుడిచింది. "గెలిసినార్రా. సూసినాను. బేగి ఇంటికెల్దాం" అంది.

వంజరం వచ్చి, వచ్చీరాని తెలుగులో, "అమ్మా, ఎందుకు అరవలేదు?" అని అడిగాడు. ఆవిడ అతని వైపు చూసి నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. విమానాశ్రయంలో జట్టుకి దండలు వేసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు గుమిగూడి ఉన్నారు. అప్ప వాళ్ళ పక్కనుంచి తప్పుకుని ఆటో పిలిచింది. "నన్ను యారాడలో దింపి నువ్వెల్లు టీచరమ్మా. ఒక్కదాన్నీ ఎల్లలేను ఇయ్యాల" అంది. మల్కాపురం దాటి కొండ ఎక్కి దిగేదాకా సంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆటో దిగి తన ఇంటివైపు వెళ్ళలేదు. పక్కింటి ముందు ఆగింది. మరిది అరుగు మీదే ఉన్నాడు. వల ఒళ్ళోకి తీసుకుని సూదితో అల్లుతున్నాడు. నీడ పడేసరికి తల ఎత్తాడు. ఎదురుగా ఆవిడ. అతని చేతిలో సూది ఆగిపోయింది.

అప్ప నిలబడే ఉంది. నేను నాలుగడుగులు వెనక ఉన్నాను. అతని భార్య కాబోలు, లోపల్నించి ఒకావిడ గుమ్మంలోకి వచ్చి, చూసి, అక్కడే ఆగిపోయింది.

"మరిదీ" అంది అప్ప.

అతను లేవబోయాడు. వల కాళ్ళకి చుట్టుకుని లేవలేకపోయాడు.

"నాను పైనించి సూసినాను" అంది. "సంద్రం. ఏ పక్కకి సూసినా దరి లేదు. ఓడే నూగింజంతున్నాది." ఒకడుగు ముందుకేసి మళ్ళీ అంది. "నాను తప్పు మాటన్నాను నిన్ను. ఊరందర్లో అన్నాను."

అతను ఆవిడ మొహం వైపు చూడలేకపోయాడు. ఒళ్ళో ఉన్న వలని చూస్తూ, "అప్పుడు నువ్వేటన్నా పడాలొదినా" అన్నాడు. "నాను అన్నని తేలేపోనాను."

"తేలేవు. ఎవలూ తేలేరు. నాకు తెలీలేదు."

గుమ్మంలో ఉన్నావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను కాళ్ళకి చుట్టుకున్న వలని నెమ్మదిగా విడదీసుకున్నాడు. పక్కకి జరిపి, అరుగు మీద చేత్తో తుడిచాడు.

"కూకో వదినా. అన్నం తిన్నావేటి?"

ఆవిడ కూర్చుంది. సంచీ పక్కన పెట్టింది. లోపలావిడ గబగబా నీళ్ళు తెచ్చింది. అప్ప ఆ గ్లాసు అందుకుని తాగకుండా చేతిలో పట్టుకుంది. "అన్నం తరవాత" అంది. "ముందు సెప్పు. నాను ఎప్పుడూ అడగలేదు, నువ్వెప్పుడూ సెప్పలేదు. ఆ మూడ్రోజులు ఏ పక్కకెల్లారు? ఎక్కడెక్కడెతికారు? అంతా సెప్పు."

అతను చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. "మొదట్రోజు తూరుపెల్లాం వదినా. గాలి అటే ఉన్నాది. అన్న వలకి కట్టిన బెండ్లు రెండు తేలతా దొరికినాయి. ఆటిని పట్టుకుని..."

నేనక్కడ ఉండకూడదనిపించి వచ్చేశాను. ఆటో కొండ ఎక్కుతుండగా వెనక్కి తిరిగి చూశాను. అరుగు మీద ఇద్దరూ చిన్నగా కనబడుతున్నారు. అతని చెయ్యి సముద్రం వైపు ఎత్తి ఉంది. ఒక చోటు చూపించి, ఆగి, ఇంకాస్త కుడికి జరిగి ఇంకో చోటు చూపిస్తోంది. అప్ప ఆ చేతి వెంటే చూస్తోంది.